అక్క మూలుగ, తమ్ముడి చర్మం

మనవాళ్ళలో 'సొంత రక్తం' అన్న మాటకు ఉన్న విలువ ఇంతా అంతా కాదు. బరంపురంలో ఏ ఆసుపత్రి వరండాలోనైనా ఫలానావారికి రక్తం కావాలని తెలిస్తే చాలు, పెదనాన్న కొడుకులు, మేనమామలు, బావమరదులు చొక్కా చేతులు పైకి మడుచుకుని వరసగా నిలబడతారు. బయటివాడి రక్తమంటే ఏదో మైల అంటుకున్నట్టు, ఇంటివాడి రక్తమైతే ఒంట్లో ఇట్టే ఇమిడిపోతుందన్నట్టు మన నమ్మకం. 1936లో మనం మద్రాసు రాజధాని నుంచి విడిపోయి ఒరిస్సా రాష్ట్రంలో కలిశాక తెలుగు కుటుంబాలు ఒకదాన్నొకటి మరింత గట్టిగా పట్టుకున్నాయి. మేనరికాలు వదలకుండా చేసుకోవడం కూడా కొంత అందుకేనేమో.

ఆ నమ్మకాన్ని వెక్కిరించడానికి ఇది రాయడంలేదు. అందులో నిజం ఎంత, ప్రమాదం ఎక్కడ అన్నది మా అక్కగారి ఇంట జరిగినదాన్నిబట్టి కొంత తెలిసింది. అది నలుగురితో చెప్పుకోదగ్గది గనక రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మెట్రిక్ పాసై గుమాస్తా పనిలో చేరినవాణ్ణి. అయితే మా ఆఫీసులో వైద్య ఖర్చుల బిల్లులన్నీ నా టేబులు మీదుగానే పోతాయి. పదిహేనేళ్ళుగా ఆసుపత్రి కాగితాలు చదివి చదివి, వాటిలోని పొడి అక్షరాలకు అర్థమేమిటో ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకోకపోతే నాకు నిద్రపట్టదు.

మా అక్కను మా మేనమామ కొడుక్కే ఇచ్చారు. వాళ్ళకొక కూతురు, తరవాత ఒక కొడుకు. కుర్రవాడికి పదమూడో ఏట, 2019లో, రక్తపు కాన్సరు వచ్చింది. డాక్టర్లు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అంటారు. మందులతో లొంగింది, రెండేళ్ళు తిరక్కుండా మళ్ళీ తలెత్తింది. ఈసారి ఒట్టి మందులతో కాదు, ఎముకల్లోని మూలుగనే మార్చాలి అన్నారు. ఈ మార్పిడి మన దేశానికి కొత్తదేమీ కాదు. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1983లోను, వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో 1986లోను మొదలైంది. మా వాణ్ణి దక్షిణాదిన ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాం.

మూలుగ ఇచ్చేవారికి, పుచ్చుకునేవారికి కణాలమీది గుర్తులు కలవాలి. జాతకాలు కలవడంలాంటిదే ఇదీను, కాకపోతే ఇక్కడ పంతులుగారిని మంచిచేసుకుని సర్దడానికి వీలులేదు. ఈ గుర్తులు తల్లినుంచి ఒక జత, తండ్రినుంచి ఒక జత వస్తాయి. అందుచేత ఒక కడుపున పుట్టినవాళ్ళిద్దరికి పూర్తిగా కలవడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మా మేనకోడలిది తమ్ముడికి అచ్చంగా కలిసింది. ఆ పిల్లకు అప్పటికి పంతొమ్మిది నిండాయి. వార్త తెలియగానే మా అక్క బుడి ఠాకురాణికి మొక్కుకుంది.

డాక్టరుగారు దాపరికం లేని మనిషి. మొదటిరోజే ఒక సంగతి చెప్పేశారు. తమ్ముడి మూలుగ అక్కకు ఇచ్చేదానికన్నా, అక్క మూలుగ తమ్ముడికి ఇచ్చినప్పుడు ఒక చిక్కు కొంచెం ఎక్కువగా వస్తుందట. మగవాడి కణాలమీద మగతనానికి సంబంధించిన కొన్ని సన్నని గుర్తులుంటాయి. ఆడపిల్ల కణాలు పుట్టి బుద్ధెరిగి వాటిని చూసి ఉండవు. పిల్లల్ని కన్న స్త్రీ అయితే ఈ చిక్కు ఇంకాస్త హెచ్చు. పెళ్ళికాని పిల్ల గనక ఆ మేరకు నయమని, ఇంతకన్న మంచి దాత దొరకడని ఆయనే అన్నారు.

ఇక 'కరెంటు' సంగతి. కిరణాలతో చేసే వైద్యాన్ని మన వైపు అందరూ 'కరెంటు పెట్టడం' అనే అంటారు, చదువుకున్నవాళ్ళు కూడా. మా వాడికి ఒక భాగానికి కాదు, తలనుంచి కాలిగోటివరకు ఒళ్ళంతా పెట్టారు. రోజుకు రెండు విడతల చొప్పున మూడు రోజులు. విడతకు 2 గ్రేలు, మొత్తం 12 గ్రేలు. దీనివల్ల రెండు పనులు జరగాలి. మందులు సరిగా చేరని మూలల్లో దాగిన కాన్సరు కణాలు చావాలి. కుర్రవాడి సొంత రక్షకబలం చతికిలబడాలి, లేకపోతే అక్క మూలుగను లోపలికి రానివ్వదు.

పసివాడికి ఇంత కిరణం ఎందుకు, మందులతో సరిపెట్టకూడదా అని మా బావగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 4 ఏళ్ళనుంచి 21 ఏళ్ళవరకు వయసుండి ఇదే జబ్బు ఉన్నవారిని రెండు జట్లుచేసి, ఒక జట్టుకు కిరణాలు, ఒక జట్టుకు కేవలం మందులు ఇచ్చి చూసిన ఒక పెద్ద పరిశోధన 2021లో అచ్చయింది. రెండేళ్ళ తరవాత లెక్కచూస్తే కిరణాలు పెట్టినవారిలో నూటికి 91 మంది, మందులే ఇచ్చినవారిలో నూటికి 75 మంది బతికి ఉన్నారు. ఆ తేడా ముందు మాటాడటానికేముంది? అలాగని ఎక్కువ పెడితే ఎక్కువ మేలు జరుగుతుందా అంటే అదీ లేదు. వెనక అమెరికాలో సియాటిల్ వైద్యులు మరోరకం రక్త కాన్సరులో 12 గ్రేలకు బదులు 15.75 పెట్టి చూశారు. కాన్సరు తిరగబెట్టడం తగ్గింది. కిరణాల ధాటికి ఇతర కారణాలతో పోయినవారు పెరిగారు. చివరకు రెండు జట్లలోను బతికినవారి లెక్క ఒక్కటే తేలింది.

ఇక్కడ ఒక చిన్నమాట. మా వాడి చర్మం పాడైందని తెలిశాక ఊళ్ళో ఇద్దరు ముగ్గురు పెద్దలు, "ఛత్రపురం ఇసకలో ఏదో ఉందంటారు గదా, చిన్నప్పుడు సముద్రం ఒడ్డున ఆడేవాడు, దానివల్లేనేమో" అన్నారు. ఛత్రపురం తీరపు ఇసకలో మోనజైటు ఉన్నమాట, అందులో థోరియం ఉన్నమాట నిజమే. అందుకే అక్కడ ఇండియన్ రేర్ ఎర్త్స్ వారి కర్మాగారం వెలిసింది. అక్కడి నేలనుంచి కిరణాలు మిగతాచోట్లకన్న హెచ్చుగానే వస్తాయి. కాని లోకంలో సగటు మనిషికి ప్రకృతిలోంచి ఏడాదికి తగిలేది రెండున్నర మిల్లీగ్రేల లోపు. ఛత్రపురంలో దానికి కొన్ని రెట్లు ఉన్నా, మూడు రోజుల్లో 12 గ్రేలు, అంటే 12,000 మిల్లీగ్రేలు ఎక్కడ, ఇదెక్కడ? వక్కపొడిని, వడ్లబస్తాను ఒక త్రాసులో పెట్టకూడదు.

అక్క మూలుగ ఎక్కించిన పదిహేడో రోజున కుర్రవాడు అరచేతులు మంటగా ఉన్నాయన్నాడు. మర్నాటికి చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి, మెడమీద, వీపుపైన తట్టులాగా దద్దుర్లు లేచాయి. అరికాళ్ళు నేలమీద మోపలేకపోయాడు. వారం తిరిగేసరికి మోచేతులదగ్గర పొక్కులు లేచి తోలు ఊడింది. చూసినవాళ్ళకు వేడినీళ్ళు ఒలికాయేమో అనిపించేది. మా అమ్మ ఫోనులో ఫోటో చూసి, "ఏటిరా ఇది, కరెంటుకి కాలిపోనాడా?" అని ఏడ్చింది.

అమ్మ అడిగిన ప్రశ్నే డాక్టర్లకూ ప్రశ్న అయింది. అనుమానితులు ముగ్గురు. కిరణాలవల్లనే చర్మం కమిలిందా? మందు ఏదో పడక దద్దురు లేచిందా? లేక అక్కనుంచి వచ్చిన కణాలు తమ్ముడి చర్మంమీద పడ్డాయా? చర్మం ముక్క తీసి పరీక్షించినా తొలిరోజుల్లో ఈ మూడూ ఒకేలా కనబడవచ్చునట. కిరణాల దెబ్బ సాధారణంగా మొదటి రోజుల్లోనే కనిపిస్తుంది. ఇది మూలుగ కుదురుకుని కొత్త తెల్లకణాలు లేస్తున్న వేళకు సరిగ్గా వచ్చింది. తోడుగా విరేచనాలు పట్టుకున్నాయి, లివరు లెక్కలు మారాయి. చర్మం, పేగు, కాలేయం ఈ మూడూ కలిశాయంటే ఇక పేరు పెట్టేశారు: గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్.

ఆ పేరు తెలుగులోకి తేవడం నాకో పనైంది. పక్కగదిలో మన ఆస్కా నుంచి వచ్చిన ఒరియా కుటుంబం ఉండేది. వాళ్ళ అమ్మాయికీ ఇదే మార్పిడి. డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది నేను అక్కకు తెలుగులోను, ఆ ముసలాయనకు ఒరియాలోను చెప్పేవాణ్ణి. 'ఇంటికొచ్చిన కుణియా ఇంటి యజమానినే కొట్టే జబ్బు' అన్నాను. కుణియా అంటే ఒరియాలో చుట్టం. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, "కుణియాను పిలిచింది మనమే గదా బాబూ" అన్నాడు.

ఆ మాటలోనే అసలు విషయమంతా ఉంది. ఈ జబ్బు పుట్టడానికి కావలసినవి మూడని బిల్లింగ్‌హామ్ అనే శాస్త్రజ్ఞుడు 1966లో చెప్పాడు. ఇచ్చినదానిలో పోరాడగల కణాలుండాలి. పుచ్చుకున్నవాడిలో వాటికి పరాయిగా తోచే గుర్తులు ఉండాలి. పుచ్చుకున్నవాడికి వాటిని వెళ్ళగొట్టే శక్తి ఉండకూడదు. ఆ మూడోదాన్ని కల్పించేదే కరెంటు.

అసలు ఈ జబ్బును మనిషి మొట్టమొదట చూసింది కిరణాలతో ఆడుకుంటున్నప్పుడే. అణుబాంబు పడ్డాక కిరణాలనుంచి ప్రాణాలెలా కాపాడాలా అని ఎలకలమీద పరీక్షలు చేశారు. చచ్చేటంత కిరణం పెట్టిన ఎలకలకు వేరే ఎలకల మూలుగ ఎక్కిస్తే బతుకుతున్నాయని 1951లో తేలింది. ఆహా అనుకునే లోపల, పరాయి మూలుగతో బతికిన ఎలకలు కొన్ని వారాలకు వీపు గూనిపడి, బొచ్చు ఊడి, చర్మం పుండై, విరేచనాలతో చిక్కి చచ్చేవి. దాన్ని 'రెండో జబ్బు' అన్నారు. మొదటిది కిరణాల జబ్బు గదా. 1958లో యుగోస్లావియాలో వించా అనేచోట అణు రియాక్టరు ప్రమాదంలో కిరణాలు తగిలినవారిని పారిస్‌కు తీసుకుపోతే, అక్కడ జార్జ్ మాథే అనే డాక్టరు దాతల మూలుగ ఎక్కించాడు. అంతకు ముందే 1957లో అమెరికాలో డొనాల్ థామస్ కాన్సరు రోగులకు కిరణాలు పెట్టి మూలుగ ఎక్కించి చూశాడు. ఎన్ని వైఫల్యాలు చూశాడో, ఎన్నేళ్ళు పట్టుదలగా పనిచేశాడో గాని, 1990లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగినప్పుడు 13 మందికి మూలుగ మార్చారు. బతికి బయటపడ్డది ఇద్దరే. మిగతావారిలో ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్నది కాలిన గాయాలు. ఇద్దరి చావుకు మాత్రం ఈ గ్రాఫ్ట్ జబ్బు కారణమని వైద్యులు రాశారు. మా వాడి మంచం పక్కన వచ్చిన సందేహమే అక్కడా వచ్చి ఉంటుందని, అది చదివినప్పుడు నాకు అనిపించింది. చర్మం ఎర్రబడ్డది కిరణానికా, కణానికా?

కరెంటు చేసేది తలుపు తీసిపెట్టడం ఒక్కటే అయితే ఇంత గొడవ లేకపోను. అది గంట కూడా కొడుతుంది. కిరణాల ధాటికి పేగుల లోపలి పొర చిల్లులు పడుతుంది. అక్కడ ఊరకే పడివున్న సూక్ష్మజీవుల విషాలు రక్తంలోకి కారతాయి. దెబ్బతిన్న కణాలన్నీ రసాయనాల రూపంలో కేకలు పెడతాయి. సరిగ్గా ఆ కేకల మధ్యకు అక్క కణాలు వచ్చి దిగాయి. శాంతంగా ఉన్న ఇంటికి వచ్చిన చుట్టానికి, మంటలంటుకున్న ఇంటికి వచ్చిన చుట్టానికి తేడా ఉండదా? వచ్చీ రాగానే కర్ర తీసుకుంటాడు. కిరణం మోతాదు పెరిగినకొద్దీ ఈ జబ్బు తీవ్రత పెరగడానికి కారణం ఇదేనంటారు. ఒక్కసారిగా కాక ఆరు విడతలుగా పెట్టడం కూడా ఒంటికి కోలుకునే వ్యవధి ఇవ్వడానికే.

మరి చర్మమే ఎందుకు? దీనికి సమాధానం నాకు చాలా విచిత్రంగా తోచింది. చర్మం పై పొరలో చెట్టుకొమ్మల్లా చేతులు చాచుకున్న కాపలా కణాలుంటాయి. పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి 1868లో వీటిని కనిపెట్టాడు గనక ఆయన పేరే పెట్టారు. మూలుగను తుడిచిపెట్టే కిరణం వీటిని పూర్తిగా తుడవలేదు. కుర్రవాడి రక్తమంతా అక్కదైపోయినా, చర్మంలో ఈ పాత కాపలావాళ్ళు కొన్ని వారాలు, నెలలు కూడా అలాగే కూర్చుని ఉంటారు. ఎవరిది ఏ గుర్తో చూపించడమే వీళ్ళ ఉద్యోగం. ప్రభుత్వం మారినా పాత ముద్రతోనే రసీదులు ఇచ్చే గుమాస్తా ఉంటాడే, అలాగ. కొత్త కణాలు అది చూసి, "ఇది పరాయి ఇలాకా" అని మీదపడతాయి. 2004లో అచ్చయిన ఒక ఎలకల పరిశోధనలో, ముందుగానే అతినీలలోహిత కాంతితో ఈ కాపలా కణాలను చర్మంనుంచి పోగొడితే ఆ తరవాత చర్మానికి ఈ జబ్బు రాలేదు. ఒక కిరణం రేపిన గొడవను మరో కిరణం ఆపిందన్నమాట.

దాడి ఎక్కువగా జరిగేది చర్మపు అడుగుపొరలో, వెంట్రుక కుదుళ్ళలో ఉండే మూలకణాలమీద. కొత్త చర్మాన్ని పుట్టించేవి అవే గనక అవి పోతే పైతోలు ఊడుతుంది. పాతకాలంలో ఎప్పుడో ఒకచోట కరెంటు పెట్టించుకున్నవారికి, ఈ జబ్బు వచ్చినప్పుడు సరిగ్గా ఆ చోటే చర్మం గట్టిపడిన సందర్భాలూ వైద్యులు రాసిపెట్టారు. చర్మానికి జ్ఞాపకశక్తి ఉందంటే కవిత్వమనుకోకండి.

ఇంతలో బరంపురంలో మాట పుట్టింది: "అక్క రక్తం తమ్ముడికి పడలేదట." మన భాషలో 'పడలేదు' అన్నమాట ఎంత సుళువుగా అనేస్తామో! కందిపప్పు పడలేదు, నీళ్ళు పడలేదు, కోడలు పడలేదు. ఒక సంబంధం వాళ్ళు "ఆ పిల్ల రక్తంలో ఏదో దోషం ఉందటగా" అని అడిగించారు కూడా. అది పెద్దగా లెక్కచేయవలసింది కాదు. లెక్కచేయవలసింది, ఆ పిల్ల తమ్ముడి గదిలోకి రావడం మానేసింది. అద్దాలతలుపు బయట నిలబడి చూసి వెళ్ళిపోయేది. భోజనం దగ్గర ఒకరోజు, "మామయ్యా, నాది ఇవ్వకపోతే వాడికి ఈ ఒళ్ళు మంటలు ఉండేవి కావు గదా" అంది.

నేను ఆ మాట తీసుకుపోయి డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన ఆ పిల్లను పిలిపించి అరగంట కూర్చోబెట్టి చెప్పారు. తమ్ముడి చర్మాన్ని పరాయి అనుకుంటున్న కణాలే, తమ్ముడిలో మిగిలిన కాన్సరు కణాలనూ పరాయి అనుకుని చంపుతాయి. అచ్చంగా ఒకేలా పుట్టిన కవలల మూలుగ ఎక్కిస్తే ఈ జబ్బు దాదాపు రాదు, ఒళ్ళు మండదు. కాని కాన్సరు తిరగబెట్టడం అటువంటివారిలోనే ఎక్కువ. కొద్దిగా ఈ జబ్బు వచ్చినవారిలో అది తక్కువ. "నీ కణాలు మరీ మంచివై ఊరుకుంటే మాకే భయం. కాస్త కోపిష్టివి కావాలి. కోపం హద్దుదాటకుండా మేం చూసుకుంటాం" అన్నారు. ఆ సాయంత్రం ఆ పిల్ల మాస్కు, గౌను వేసుకుని లోపలికి వెళ్ళి తమ్ముడి అరికాళ్ళకు పూతమందు రాసింది.

ఆ కోపాన్ని హద్దులో పెట్టే మందుల్లో ఒకదాని వెనక మనవాడున్నాడని నాకు తరవాత తెలిసింది. మూలుగ ఎక్కించాక 1, 3, 6, 11వ రోజుల్లో కొద్ది కొద్దిగా మెథోట్రెక్సేట్ ఇస్తారు. సైక్లోస్పోరిన్‌తో కలిపి ఇలా ఇవ్వడం మంచిదని 1986లో సియాటిల్ వైద్యులు చూపించారు. ఆ మెథోట్రెక్సేట్, దాని తోబుట్టువైన అమినోప్టెరిన్ పుట్టింది అమెరికాలోని లెడర్లీ సంస్థలో, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపించిన రోజుల్లో. ఫోలిక్ ఆమ్లంలా కనబడి ఫోలిక్ ఆమ్లం పని చెయ్యని పదార్థం అది. గబగబా పెరిగే కణాలు దాన్ని మింగి మోసపోతాయి. ఆయన పోయింది 1948లో. మూలుగ మార్పిడిలో దాని ఉపయోగం చూడలేదు. ఈ సంగతి మా అమ్మకు చెబితే, "అయితే మనోళ్ళ మందేనన్నమాట" అని కాస్త ధైర్యం తెచ్చుకుంది. ఆయన పుట్టిననాడు భీమవరం, బరంపురం రెండూ ఒకే మద్రాసు రాజధానిలోవి గనక అమ్మ మాటను కాదనలేం.

ఇంటికి వచ్చాక ఇంకో అధ్యాయం. తొలి దద్దుర్లు స్టెరాయిడ్లతో ఆరినా, ఏడో నెలలో చర్మం నల్లమచ్చలు పడి, అక్కడక్కడ గంజిపెట్టి ఆరేసిన పట్టుబట్టలా బిగిసింది. ఇది దీర్ఘకాలపు రూపమట. ఎండ తగలకూడదన్నారు. మన బరంపురంలో ఎండ తగలకుండా బతకమనడం చేపను తడవకుండా ఉండమన్నట్టే. కాని కారణం ఉంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణం చర్మాన్ని కమలజేస్తే మళ్ళీ అదే గంట మోగుతుంది, సద్దుమణిగిన కణాలు మళ్ళీ కర్రలు తీస్తాయి. పైగా ఒళ్ళంతా కరెంటు పెట్టించుకున్నవారికి ముందు ముందు చర్మపు కాన్సరు భయం మామూలువారికన్న ఎక్కువ. పూర్తి చేతుల చొక్కా, వెడల్పు టోపీ, గొడుగు, పూతమందు. గోపాల్‌పూర్ సముద్రం సూర్యుడు దిగాకనే. ఆ ఏడాది ఠాకురాణి యాత్ర మేడమీదినుంచి రాత్రిపూట చూశాడు.

అటువంటివాణ్ణి నాలుగు నెలల తరవాత ఒక మాత్ర మింగించి, గాజుగొట్టాల దీపాలున్న పెట్టెలో నిలబెట్టి అదే అతినీలలోహిత కాంతి పెట్టారు! మా అక్కకు మతిపోయింది. "ఎండలోకి పోవద్దన్నారు, ఎండనే పెట్టెలో పెట్టి ఇస్తున్నారా?" అంది. తేడా లెక్కలో ఉంది. ఎండకు కొలత లేదు. పెట్టెలో ఎన్ని క్షణాలు, ఏ రకం కిరణం, ఎంత లోతుకు అన్నది కొలిచి ఇస్తారు. ఆ మాత్ర సోరలెన్ జాతిది. అది కాంతి తగిలినప్పుడే పనిచేసి చర్మంలో రెచ్చిపోయిన కణాలను అణచివేస్తుంది. సోరలెన్ మనకు కొత్తా? బొల్లికి బావంచాలు నూరి రాసి ఉదయపుటెండలో కూర్చోబెట్టే వైద్యులు మన ఊళ్ళలో ఉండేవారు. ఆ బావంచాల్లో ఉండేది ఇదే. అలాగని ఎవరూ బావంచాలు తెచ్చి ఇటువంటి రోగికి రాయకండి, కొలత తప్పితే బొబ్బలెక్కుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో రక్తాన్నే బయటికి తీసి, తెల్లకణాలకు ఈ మందు, ఈ కాంతి ఇచ్చి తిరిగి ఎక్కించే పద్ధతి ఉంది, ఖర్చు తట్టుకోగలవారికి. రుక్సోలిటినిబ్ అనే మాత్ర కూడా స్టెరాయిడ్లకు లొంగనివారికి 2019 తరవాత వాడుకలోకి వచ్చింది. మా వాడికి పెట్టెతోనే చర్మం వదులైంది. ఇప్పుడు మోచేయి పూర్తిగా చాపగలడు, మచ్చలు ఉన్నాయి.

మొదట చెప్పిన 'సొంత రక్తం' మాటకు వస్తాను, ఎందుకంటే ఇది మూలుగ మార్పిడి అవసరం లేనివారికి కూడా సంబంధించింది. మా వాడికి మార్పిడికి ముందు రక్తం కావలసి వస్తే ముగ్గురు మేనమామలం, మా బావగారి తమ్ముళ్ళు సిద్ధంగా నిలబడ్డాం. డాక్టర్లు మమ్మల్ని వద్దన్నారు. బంధువుల రక్తం ముందే ఎక్కితే, తరవాత బంధువు మూలుగను ఒళ్ళు తిరగగొట్టవచ్చునన్నది ఒక కారణం. రెండోది ఇంకా పెద్దది. మామూలు రక్తపు సంచిలో కూడా పోరాడే తెల్లకణాలు ఉంటాయి. పరాయివాడి రక్తమైతే మన ఒళ్ళు వాటిని గుర్తుపట్టి చంపేస్తుంది. దగ్గర బంధువుదైతే గుర్తుపట్టకపోవచ్చు. మేనరికపు ఇళ్ళలో కొందరికి తల్లి తండ్రి ఇద్దరినుంచి ఒకే గుర్తుల జత వస్తుంది. అటువంటివాడు తన మేనల్లుడికి రక్తమిచ్చాడనుకోండి. మేనల్లుడిలో ఒక జత అదే, ఇంకో జత వేరు. మేనల్లుడి ఒంటికి ఆ రక్తంలో పరాయిగుర్తు ఒక్కటీ కనబడదు, ఊరుకుంటుంది. ఆ రక్తానికి మాత్రం మేనల్లుడి రెండో జత పరాయిగా కనబడుతుంది. పది రోజులకు జ్వరం, ఒళ్ళంతా ఎర్రదనం, విరేచనాలు. మూలుగ మార్పిడిలో మూలుగ దాతదే గనక దానికి దెబ్బ తగలదు. ఇక్కడ మూలుగ రోగిదే గనక అదీ ఎండిపోతుంది. చాలా అరుదు, కాని వస్తే నూటికి తొంభైమందికి పైగా దక్కరు.

జపానులో శస్త్రచికిత్సల తరవాత రోగులు ఇలా ఎర్రబడి పోవడం 1955లోనే ఒక డాక్టరు రాశాడు. కారణం మాత్రం చాలా ఏళ్ళవరకు తెలియలేదు. ఇంటివాళ్ళ తాజారక్తం ఎక్కించే అలవాటు అక్కడా ఉండేది. 1998నుంచి రక్తాన్ని కిరణాలు పెట్టి వాడటం దేశమంతటా అమలులోకి వచ్చాక ఆ జబ్బు అక్కడ దాదాపు మాయమైంది.

ఉపాయం అదే, మళ్ళీ కరెంటే. ఈసారి మనిషికి కాదు, సంచికి. 25 గ్రేలు పెడితే ఎర్రకణాలు తమ పని చేస్తూనే ఉంటాయి, తెల్లకణాలకు మాత్రం పిల్లల్ని పెట్టే శక్తి పోతుంది. ఆ పైన ఆ రక్తం ఎక్కువకాలం నిలవ ఉండదు గనక త్వరగా వాడాలి. అయితే మూలుగ సంచికి మాత్రం పొరపాటున కూడా పెట్టకూడదు. అక్కడ కావలసిందే పెరిగే కణాలు. రక్తసంబంధీకుల రక్తం తప్పనిసరైనప్పుడు, నెలలు నిండని పసికందుల్లో కొందరికి, మూలుగ మార్చినవారికి, రక్షకబలం బాగా తగ్గినవారికి ఇచ్చేముందు కిరణాలు పెట్టారా అని అడగడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు. అంతకన్న సులువు, ఆ మేనమామలందరూ రక్తం బ్యాంకుకు ఇచ్చి, తమ పిల్లవాడికి బయటివాడి సంచి పుచ్చుకోవడం. మేం అదే చేశాం.

ఆ సంచులమీద చిన్న చీటీ అంటించి ఉండేది. కిరణాలు పెట్టకముందు దానిమీద ఇంగ్లీషులో 'నాట్ ఇర్రేడియేటెడ్' అని చదవవచ్చు. పెట్టాక 'నాట్' అన్న మాట ఉన్నచోట నల్లబడి కనబడకుండాపోతుంది. మా మేనకోడలు నర్సు కన్న ముందు వెళ్ళి ప్రతి సంచిమీదా ఆ చీటీ చూసేది.